తొలి మంచుకు ఐదు వారాలే: పచ్చి టమాటాలు పండేదెలా?

ప్రశ్న: మాది చలి ఎక్కువగా ఉండే ఉత్తర ప్రాంతం. ఇంటి వెనుక కొద్దిపాటి స్థలంలో ఇష్టంతో కూరగాయలు పెంచుతున్నాను. ఇప్పుడు ఆగస్టు మూడో వారం. మా దగ్గర సెప్టెంబరు చివరి వారంలో ఆకుల మీద మంచు గడ్డకట్టడం మొదలవుతుంది. టమాటా మొక్కలు మనిషి ఎత్తు పెరిగి ఇంకా పూస్తూనే ఉన్నాయి, కాయలు మాత్రం పచ్చిగానే ఉన్నాయి. ఎరువు వేస్తే త్వరగా పండుతాయా? ఆకులన్నీ తీసేయమని కొందరు అంటున్నారు, నిజమేనా? బంగాళాదుంప మొక్కలు ఎండిపోతున్నాయి. బీన్స్ తీసేసిన మడి ఖాళీగా ఉంది, అందులో ఏమైనా విత్తవచ్చా? వెల్లుల్లిని వసంతంలో నాటితే సరిపోతుందా?
– ఒక పెరటితోట పెంపకందారు

జవాబు: టమాటాకు ఇప్పుడు ఎరువు వేయకండి. నత్రజని అందితే మొక్క కొత్త చిగుళ్లు, కొత్త పూత మీదకు మళ్లుతుంది. పువ్వు కాయై పండటానికి వెచ్చటి వాతావరణంలోనే ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. మీకు మిగిలింది ఐదు వారాలు. అంటే ఈ రోజు విచ్చుకున్న పువ్వు మీ తోటలో పండు కాలేదు. కాబట్టి ప్రతి కొమ్మ కొస తుంచేయండి, పూలు, పక్క పిలకలు గిల్లేయండి. ఇష్టంగా పెంచుకున్న మొక్క పూత తీసేయడానికి చేయి రాదని నాకు తెలుసు. అయినా ఉన్న కాయలు నిండాలంటే ఇదే దారి, ఈ వారమే చేయాలి. పొదలా పెరిగి తనంతట తానే ఆగిపోయే రకాలకు కొసలు తుంచే పని ఉండదు.

ఆకులన్నీ తీసేయమన్న సలహాను పాటించవద్దు. కాయ రంగు తిరగడానికి కావలసింది వెచ్చదనం, నేరుగా తగిలే ఎండ కాదు. 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఎరుపు బాగా వస్తుంది. కాయకు తీపినిచ్చే చక్కెర ఆకుల్లోనే తయారవుతుంది. నేలను తాకుతున్నవి, పసుపు రంగుకు తిరిగినవి తీస్తే చాలు. ఆ తీసేటప్పుడే మిగతా ఆకులను కూడా పరీక్షగా చూడండి. చల్లగా, తడిగా ఉండే వేసవి చివరి రోజుల్లో ఆకుమాడు తెగులు టమాటా, బంగాళాదుంప రెండింటినీ పట్టుకుంటుంది. 1845లో ఐర్లండ్‌లో బంగాళాదుంప పంటను నాశనం చేసి కరవుకు దారితీసింది ఈ తెగులే. ఆకుపై నీరు పట్టినట్లున్న గోధుమ మచ్చలు, అడుగున తెల్లటి బూజు కనిపిస్తే ఆ మొక్కను వెంటనే పీకి తోట బయటికి పంపండి. దాని కాయలు నిల్వకు పనికిరావు.

రాత్రి ఉష్ణోగ్రత వరుసగా 10 డిగ్రీల కిందికి దిగుతుంటే దోర తిరిగిన కాయలన్నీ కోసి ఇంట్లోకి తెచ్చుకోండి. పూర్తి పచ్చివాటిలో ఏవి పండుతాయో తెలుసుకోవడానికి ఒక కాయను బలి ఇవ్వాలి. అడ్డంగా కోసినప్పుడు గింజల చుట్టూ జిగురు ఏర్పడి, గింజలు కత్తికి తెగకుండా పక్కకు జారితే ఆ పరిమాణం ఉన్న కాయలు ఇంట్లో పండుతాయి. లోపల తెల్లగా గట్టిగా ఉండి గింజలు తెగితే పండవు, పచ్చిగానే వండుకోవాలి. పండబెట్టడానికి 18 నుంచి 21 డిగ్రీల గది సరిపోతుంది. వెలుతురు అక్కర్లేదు. కాగితపు సంచిలో ఒక అరటిపండు కలిపి పెడితే, దాని నుంచి వెలువడే ఇథిలీన్ వాయువు పనిని తొందర చేస్తుంది. ఫ్రిజ్‌లో మాత్రం పెట్టవద్దు. ఆ చలికి పచ్చికాయ రుచి, రంగు రెండూ చెడతాయి.

బంగాళాదుంప మొక్కలు పూర్తిగా ఎండాక రెండు వారాలు ఆగి తవ్వండి. బొటనవేలితో రుద్దితే తొక్క ఊడకపోతే దుంప నిల్వకు సిద్ధమైనట్లే. చీకట్లో దాచండి, వెలుతురు తగిలి పచ్చబడిన దుంపల్లో విషపదార్థం పెరుగుతుంది.

ఖాళీ మడిలో విత్తడానికి ఇది చక్కని సమయం. ముల్లంగి నెల రోజుల్లో చేతికొస్తుంది. స్పినాచ్ తేలికపాటి మంచును తట్టుకుంటుంది కాబట్టి దాని గడువు సెప్టెంబరుతో ముగియదు. పైగా వసంతంలో పగళ్లు పొడవవుతుంటే అది త్వరగా పూతకు వెళ్తుంది, ఇప్పుడు ఆ బెడద లేదు. అయితే పగళ్లు కుదించుకుపోతుంటాయి గనుక విత్తన పొట్లం మీద రాసిన రోజులకు మరో రెండు వారాలు కలుపుకోండి. నేల వేడిగా ఉంటే స్పినాచ్, లెట్యూస్ విత్తనాలు మొలకెత్తవు. సాయంత్రం విత్తి, మొలకలు వచ్చేదాకా నీడ, తడి ఉండేలా చూడండి.

మడిలో కొంత భాగాన్ని వెల్లుల్లికి అట్టిపెట్టండి. దానికి వసంతం వరకు ఆగవద్దు. తగినంత చలి తగలని రెబ్బ చాలాసార్లు పాయగా విడిపోకుండా ఒంటి గడ్డగానే ఉండిపోతుంది. తొలి మంచు పడ్డాక, నేల గడ్డకట్టడానికి రెండు నుంచి నాలుగు వారాల ముందు నాటండి. రెబ్బ మొన పైకి ఉండాలి, దాని మీద 5 సెంటీమీటర్ల మట్టి, రెబ్బకూ రెబ్బకూ 15 సెంటీమీటర్ల ఎడం చాలు. నడుమ గట్టి కాడ ఉండే రకాలు మీ చలికి బాగా నిలుస్తాయి. నేల చల్లబడ్డాక ఎండుగడ్డి మందంగా పరచండి.

గులాబీలు, పండ్ల మొక్కలు మీ తోటలో ఉంటే వాటికీ ఇక నత్రజని, కత్తిరింపులు ఆపండి. ఇప్పుడొచ్చే లేత చిగురు ముదిరేలోపే చలికి చచ్చిపోతుంది.

సెప్టెంబరులో ఆకాశం నిర్మలంగా, గాలి కదలకుండా ఉన్న రాత్రులను కనిపెట్టి ఉండండి. నేలలోని వేడి పైకి పోయేది అప్పుడే. పగలు నేలను తడిపి, పొద్దు గుంకక ముందే మొక్కల మీద పాత దుప్పటి నేలను తాకేలా కప్పండి. చలి నుంచి రెండు మూడు డిగ్రీల రక్షణ దొరుకుతుంది. ఆకులకు అంటుకునేలా ప్లాస్టిక్ వేయకండి, అంటుకున్న చోట ఆకు మాడుతుంది. తెల్లవారి ఎండ వచ్చాక తీసేయండి. తొలి మంచు తర్వాత చాలాసార్లు మళ్లీ వెచ్చటి రోజులు వస్తాయి. ఆ ఒక్క రాత్రి కాపాడుకుంటే మీ టమాటాలకు మరికొన్ని రోజులు తీగ మీదే దొరకవచ్చు.