క్లచ్ పెడల్ కిర్రుమంటోంది

ప్రశ్న: క్లచ్ నొక్కినప్పుడల్లా కిర్రుమని చప్పుడు వస్తోంది. గేర్లు మామూలుగానే పడుతున్నాయి. క్లచ్ ప్లేటు మార్చాలా?

జవాబు: అప్పుడే ప్లేటు కోసం గేర్‌బాక్సు దింపించకండి! హ్యాండ్‌బ్రేకు వేసి, గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజిన్ ఆపండి. ఇప్పుడు పెడల్‌ను చేత్తో నొక్కండి. అప్పుడూ కిర్రుమంటే లోపం చాలావరకు పెడల్ దగ్గరే. ఇంకొకరిని మెల్లగా నొక్కమని, మీరు టార్చిలైటుతో కిందికి వంగి కీళ్లను వేలితో తాకి చూడండి. నడుముకు కాస్త శ్రమే, కానీ అరిచే చోట సన్నని అదురు వేలికి తెలుస్తుంది. నేనైతే ముందు పెడల్ ఇరుసులోని బుష్‌ను, అంటే ఇరుసుకు తొడిగే చిన్న గొట్టం లాంటి తొడుగును, అనుమానిస్తాను. తర్వాత స్ప్రింగు కొక్కేలను, పుష్‌రాడ్ (పెడల్ నొక్కుడును ముందుకు తోసే కడ్డీ) పిన్నును. పాత మురికి తుడిచి సిలికాన్ గ్రీజు రాయండి. తుప్పు వదిలించే పలుచని స్ప్రేలు కొడితే నాలుగు రోజులు ఊరుకుని మళ్లీ మొదలవుతుంది. ఉన్న గ్రీజు కూడా కొట్టుకుపోతుంది. పెడల్ పక్కలకు ఊగుతుంటే బుష్ అరిగినట్టే, మార్చాల్సిందే. కేబుల్ ఉన్న కారయితే దాని పోగులు తెగాయేమో చూడండి.

ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రమే, అదీ నొక్కగానే గేర్‌బాక్సు వైపు నుంచి గీరుతున్న చప్పుడు వినిపిస్తే రిలీజ్ బేరింగును (పెడల్ నొక్కినప్పుడు క్లచ్‌ను విడిపించే బేరింగు) అనుమానించాలి. అది మెకానిక్ పని. గేర్‌బాక్సు ఎలాగూ దింపుతారు కాబట్టి ప్లేటునూ అప్పుడే చూడమనండి.