దీప్తి దారి వేరు, మీ అమ్మాయి దారి వేరు

ప్రశ్న: మాది పర్వతగిరి దగ్గర పల్లె. మా అమ్మాయికి పుట్టుకతోనే వినపడదు. తొమ్మిదో తరగతి చదువుతోంది, 400 మీటర్లు బాగా పరుగెత్తుతుంది. మా పక్క ఊరి దీప్తిలా పారాలింపిక్స్‌కు పంపాలని ఉంది. ఏం చేయాలి? – ఒక తండ్రి, వరంగల్ జిల్లా

జవాబు: మీ అమ్మాయిని తప్పకుండా పరుగెత్తించండి. అయితే ఆమె వెళ్లాల్సింది పారాలింపిక్స్‌కు కాదు. కల్లెడ దీప్తి 2024లో పారిస్‌లో కాంస్యం గెలిచింది మేధోవైకల్యం ఉన్నవారి విభాగంలో. బధిరులకు పారాలింపిక్స్‌లో విభాగమే లేదు, వారి పోటీలు డెఫ్లింపిక్స్. ఇది తెలియక పారా ఎంపికల చుట్టూ తిరిగితే అమ్మాయికి విలువైన ఏళ్లు పోతాయి.

బధిరుల క్రీడలను ఎవరో దయతలచి పెట్టలేదు. తానూ బధిరుడైన ఫ్రెంచి వ్యక్తి రూబెన్స్ అల్కే పూనుకోగా, 1924లో పారిస్‌లో తొమ్మిది దేశాల బధిరులు పోటీపడ్డారు. తొలి పారాలింపిక్స్ జరిగింది 1960లో. మధ్యలో కొంతకాలం పారాలింపిక్ కమిటీలో ఉన్న బధిరుల అంతర్జాతీయ సంఘం, 1995లో బయటికి వచ్చి తన పోటీలను తానే నడుపుకుంటోంది. మన దేశంలో అఖిల భారత బధిరుల క్రీడా మండలి 1965లో ఏర్పడింది. అదే ఏడాది వాషింగ్టన్ పోటీల్లో భారత్ తొలిసారి పాల్గొంది. హైదరాబాద్ కుర్రాడు ధనుష్ శ్రీకాంత్ ఈ దారిలోనే వెళ్లి బ్రెజిల్‌లోనూ, 2025లో టోక్యోలోనూ ఎయిర్ రైఫిల్‌లో స్వర్ణాలు తెచ్చాడు. ఆ వార్త మన పల్లెల దాకా చేరకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

ముందు ఎంజీఎం లాంటి పెద్దాసుపత్రిలో ఆడియోగ్రామ్ (వినికిడి ఎంత తగ్గిందో చూపే పరీక్ష) తీయించండి. మెరుగ్గా వినపడే చెవిలో కూడా లోపం కనీసం 55 డెసిబెల్స్ ఉంటేనే డెఫ్లింపిక్స్‌కు అర్హత. 2016 వికలాంగుల చట్టం లెక్క వేరు: రెండు చెవుల్లోనూ 60 ఉండాలి. కాబట్టి ప్రభుత్వమిచ్చే వైకల్య సర్టిఫికెట్, క్రీడల అర్హత విడివిడిగా చూసుకోండి.

పోటీలో వినికిడి యంత్రం పెట్టుకోనివ్వరు. తుపాకీ శబ్దానికి బదులు ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దీపాలు వెలుగుతాయి. హనుమకొండ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం (జేఎన్ఎస్) సింథటిక్ ట్రాక్‌పై సాధన చేయించగలిగితే, కంటితో చూసి బయలుదేరడం ఇప్పటినుంచే అలవాటు చేయమని కోచ్‌ను అడగండి.

చదువు మాత్రం మాన్పించకండి. పతకం రావచ్చు, రాకపోవచ్చు. ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థల్లో వికలాంగులకు 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో బధిరులకు 1 శాతం వాటా చట్టమే ఇచ్చింది. ఆడియోగ్రామ్ చేతికి రాగానే రాష్ట్ర బధిర క్రీడా సంఘాన్ని కలవండి. రాష్ట్ర పోటీల్లో నెగ్గినవారే జాతీయ పోటీలకు వెళతారు.