దాచుకున్న డబ్బు, ఆగిపోయిన రేసు

ప్రశ్న: మా తమ్ముడు విజయవాడ ఆటోనగర్‌లో బైక్ మెకానిక్. 2019లో చెన్నై దగ్గర శ్రీపెరుంబుదూరు ట్రాక్‌లో బైక్ రేసు ట్రైనింగ్ చేసి వచ్చాడు, మరుసటి ఏడాది రేసులో దిగాలని జీతంలోంచి కొంచెం కొంచెం దాచుకున్నాడు. లాక్‌డౌన్‌లో పని లేక ఆ డబ్బంతా ఇంటి అద్దెకీ నాన్న మందులకీ అయిపోయింది. ఫార్ములా వన్ కార్ల రేసుల వాళ్లు అదే ఏడాది మళ్లీ మొదలుపెట్టారు కదా, వాళ్లకు లేని కరోనా మాకే వచ్చిందా అని ఇప్పటికీ బాధపడతాడు. వాడికి ఏం చెప్పమంటారు?
– ఒక అక్క, గుంటూరు

జవాబు: అమ్మా, మీ తమ్ముడి బాధలో న్యాయం ఉంది. అందరికీ వచ్చిందిలే, సర్దుకో అని మాత్రం అనకండి. దెబ్బ అందరికీ తగిలింది, ఒకేలా తగల్లేదు.

ఫార్ములా వన్ సంగతే చూడండి. 2020 మార్చిలో మెల్‌బోర్న్‌లో మెక్‌లారెన్ టీమ్‌లో ఒకరికి పాజిటివ్ వచ్చింది, జనం గేట్ల దగ్గర నిలబడి ఉండగానే రేసు రద్దయింది. జూలై 5న ఆస్ట్రియాలో ప్రేక్షకులు లేకుండా మొదలుపెట్టి, 22 రేసులు అనుకున్నది 17తో సీజన్ ముగించారు. స్టాండ్లు ఖాళీగా ఉన్నా టీవీ హక్కుల డబ్బు, స్పాన్సర్ల డబ్బు ఉంది కాబట్టి కెమెరాల ముందు కార్లు తిరిగితే బండి నడిచింది, అందరికీ మాటిమాటికీ టెస్టులు చేయించే స్తోమత కూడా ఉంది. అంత ఉన్నా అక్కడ సుఖంగా ఏమీ లేదు. మెక్‌లారెన్ గ్రూపు 1,200 ఉద్యోగాలు తీసేస్తున్నట్టు ప్రకటించింది, విలియమ్స్ అనే ఇంకో టీమ్ అసలే నష్టాల్లో ఉంది, 40 ఏళ్లకు పైగా దాన్ని నడిపిన కుటుంబం ఆ ఆగస్టులో అమ్ముకుంది. మీ తమ్ముడిలా స్పానర్ పట్టుకుని బతికేవాళ్లు అక్కడా రోడ్డున పడ్డారు.

సొంత డబ్బుతో రేసు చేసేవాళ్ల కష్టం వేరు. ఎంట్రీ ఫీజు, టైర్లు, లెదర్ సూట్, బండిని విజయవాడ నుంచి చెన్నై దాకా 450 కిలోమీటర్లు వ్యాన్‌లో వేసుకెళ్లే ఖర్చు, అన్నీ జేబులోంచే పెట్టాలి, ముందు ఖాళీ అయింది ఆ జేబే. ఎంతో కొంత సాయం చేసే షాపు ఓనరు కూడా షట్టరు దించేశాడు. పైగా ఎంత చిన్న రేసుకైనా ట్రాక్ పక్కన డాక్టరు, అంబులెన్సు ఉండాల్సిందే. 2021 ఏప్రిల్, మే నెలల్లో ఆక్సిజన్ బెడ్డు కోసం మనవాళ్లు ఊరంతా తిరుగుతుంటే అంబులెన్సును రేసు దగ్గర నిలబెట్టమని ఎవరు అడగగలరు? బ్రిటన్ పక్కన ఉన్న ఓ దీవిలో జరిగే ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ అంత పేరున్న బైకుల రోడ్డు రేసే 2020లో, 2021లో రెండేళ్లూ జరగలేదు, అందులో దిగేవాళ్లలో వేరే ఉద్యోగం చేసుకుంటూ సొంత ఖర్చుతో వచ్చేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లూ మీ తమ్ముడిలాగే ఇంట్లో కూర్చున్నారు.

ఆ డబ్బు నాన్న మందులకు పోయింది కదా, దాన్ని ఓడిపోయిన లెక్కలో వేసుకోవద్దని వాడికి గట్టిగా చెప్పండి. మళ్లీ మొదలుపెట్టాలంటే ఇప్పుడే బండి కొనక్కర్లేదు. టీవీఎస్ లాంటి కంపెనీలు నడిపే వన్ మేక్ రేసుల్లో, అంటే అందరూ ఒకే రకం బండి మీద పోటీపడే రేసుల్లో, బండి వాళ్లే ఇస్తారు, సెలక్షన్లు పెట్టి కొత్తవాళ్లను తీసుకుంటారు, ఆ ప్రకటన ఎప్పుడొస్తుందో కనిపెట్టి ఉండమనండి. మన దేశంలో మోటార్ రేసులను చూసుకునే సంఘం ఎఫ్ఎమ్ఎస్‌సీఐ ఇచ్చే రేసు లైసెన్సు ఏటా తీసుకోవాలి కాబట్టి పాతది ఉన్నా పనికిరాదు. ఈలోపు కసి తీర్చుకోవడానికి కరకట్ట రోడ్డు మీదో బైపాస్ మీదో స్పీడ్ చూపించనివ్వకండి, అక్కడ ట్రాక్ పక్కన భద్రత చూసే మార్షలూ ఉండడు, అంబులెన్సూ ఉండదు. 2019లో కొన్న హెల్మెట్ ఉంటే అది కూడా పక్కన పెట్టించండి, లోపలి ఫోమ్ పాతబడిపోయి ఉంటుంది.