వెన్న ఓడలో ఉండగానే కోటా నిండింది: సుంకం ఎవరు కట్టాలి?

ప్రశ్న: మాది వెన్న, చీజ్ ఎగుమతి చేసే చిన్న సంస్థ. "కోటా ఉంది, తక్కువ సుంకానికే సరుకు దిగుతుంది" అని విదేశీ కొనుగోలుదారు మెయిల్ పెడితే ఆ లెక్కనే ధర వేసి, డీడీపీ (సుంకం కట్టి సరుకు చేర్చే బాధ్యత అమ్మేవాడిదే) షరతు మీద సంతకం చేశాం. వెన్న కంటైనర్ రేవు చేరేసరికి కోటా, అంటే తక్కువ సుంకానికి రానిచ్చే నిర్ణీత పరిమాణం, నిండిపోయింది. పూర్తి సుంకం మమ్మల్నే కట్టమంటున్నాడు. ఇది మా చేతిలో లేని విషయం కదా, ఫోర్స్ మేజర్ (అదుపులో లేని అడ్డంకి వస్తే బాధ్యత తప్పే నిబంధన) కిందకు రాదా? డబ్ల్యూటీవోలో (ప్రపంచ వాణిజ్య సంస్థలో) ఫిర్యాదు చేయొచ్చా?
- ఒక ఎగుమతిదారు

జవాబు: మిమ్మల్ని ఇరికించింది డీడీపీ అన్న ఆ మూడక్షరాలే. ఏ ఖర్చు అమ్మేవాడిదో, ఏది కొనేవాడిదో చెప్పే అంతర్జాతీయ షరతుల జాబితా ఇన్‌కోటర్మ్స్ 2020లో 11 షరతులుంటే, దిగుమతి సుంకాన్ని అమ్మేవాడి నెత్తిన పెట్టేది ఇదొక్కటే. ఎఫ్‌ఓబీ, సీఐఎఫ్ (సరుకును ఓడెక్కించడం వరకో, ఓడ కిరాయి, బీమా వరకో అమ్మేవాడు భరించేవి) సరే, సరుకును చెప్పిన చోటికి చేర్చి ఇచ్చే డీఏపీలో కూడా సుంకం కొన్నవాడే కట్టుకోవాలి. ఒప్పందంలో వేరే మాటేదీ రాసుకోకపోతే భారం మొదట మీ మీదే పడుతుంది.

ఫోర్స్ మేజర్ వాదన మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అంతర్జాతీయ సరుకు అమ్మకాల ఐక్యరాజ్యసమితి ఒప్పందం మీ లావాదేవీకి వర్తిస్తే దాని 79వ అధికరణం చూడాలి. అడ్డంకి మీ అదుపులో లేనిదై ఉండాలి, సంతకం చేసేనాటికి ఊహకు అందనిదై ఉండాలి, దాన్ని తప్పించుకునే దారీ ఉండకూడదు. కోటా అన్నాక ఏదో ఒక రోజు నిండుతుంది. అది ఊహకు అందలేదంటే ఏ మధ్యవర్తీ ఒప్పుకోడు. పైగా కోటా నిండినంత మాత్రాన దిగుమతి ఆగిపోదు, రేటు మారుతుంది. కెనడాలో కోటా దాటిన వెన్న మీద సాధారణ సుంకం 298.5 శాతం, చీజ్ మీద 245.5 శాతం. అంత కట్టి వ్యాపారం చేయలేమన్నది నిజమే, కానీ చట్టం దృష్టిలో అది నష్టం, అసాధ్యం కాదు.

మీకు నిజంగా పనికొచ్చేది ఆ మెయిల్. బయటకు తీసి అక్షరం అక్షరం చదవండి. "కోటా ఉంది" అన్నాడా, "నా పేరున లైసెన్సు (కోటాలో వాటా వాడుకునే అనుమతి) ఉంది" అన్నాడా? రెండోదైతే, అది నమ్మే మీరు ధర వేశారు కాబట్టి, ఆ లైసెన్సు లేకపోవడమో దాన్ని వేరే సరుకుకు వాడేయడమో అతని తప్పే అవుతుంది. తేడా సుంకాన్ని నష్టపరిహారంగా అడగొచ్చు. మొదటిదైతే కేసు బలహీనం. ముందొచ్చినవాళ్లకు ముందు పద్ధతిలో నడిచే కోటాల్లో ఎంత మిగిలిందో ఎవరైనా చూసుకోవచ్చు. యూరోపియన్ యూనియన్‌లో అలాంటి కోటా 90 శాతం వాడకం దాటితే దాన్ని క్లిష్ట స్థితిలో ఉన్నట్టు లెక్కగట్టి, తేడా సుంకానికి హామీ అడుగుతారు. ఓడెక్కించే రోజున అది చూడకపోతే, "మీరు చూసుకోవాల్సింది" అని అవతలి వకీలు అంటాడు. నేనైనా అదే అంటాను.

డబ్ల్యూటీవో గడప తొక్కే హక్కు ప్రభుత్వాలకే ఉంది. మీరు చేయగలిగింది మీ వాణిజ్య శాఖకు అర్జీ పెట్టడం. అదెంత కాలం పడుతుందో వెన్న కేసే చెబుతుంది. ప్రత్యేక ప్రక్రియలో చేసిన తమ వెన్న "నేరుగా పాలు లేదా మీగడ నుంచి తయారైనది" కాదంటూ యూరప్ కోటా నిరాకరించిందని న్యూజిలాండ్ 1997లో ఫిర్యాదు చేసింది. 1999లో రాజీ కుదిరింది. అమెరికా, కెనడాల పాల కోటా గొడవ డబ్ల్యూటీవోలో కాదు, వాళ్ల సొంత వాణిజ్య ఒప్పందం (యూఎస్‌ఎంసీఏ) కింద నడిచింది. అందులో 2021 డిసెంబర్‌లో ప్యానెల్ అమెరికా వైపు తీర్పిచ్చింది, కెనడా పద్ధతి మార్చుకుంది, 2023 నవంబర్‌లో రెండో ప్యానెల్ కెనడా వైపు మొగ్గింది. మీ కంటైనర్ అంతకాలం ఆగదు.

ఇప్పుడు చేయాల్సిన పని: సరుకును దేశంలోకి విడుదల చేయించకుండా కస్టమ్స్ బాండెడ్ గోదాములో (సుంకం కట్టకుండా సరుకు ఉంచే చోట), శీతల సదుపాయం ఉన్నచోట పెట్టించండి. సాధారణంగా సుంకం లెక్క విడుదల ప్రకటన వేసే రోజుది. కొత్త కోటా కాలం దగ్గర్లోనే తెరుచుకుంటుంటే, గోదాము అద్దె ఆ తేడా సుంకం ముందు చిల్లర. గడ్డకట్టించిన వెన్న నెలల తరబడి నిలుస్తుంది కానీ కొనుగోలుదారు అడిగిన మిగులు షెల్ఫ్ లైఫ్ ఎంతో ఒప్పందంలో చూసుకోండి. వేరే దేశానికి మళ్లించాలంటే ఆరోగ్య ధ్రువపత్రం దగ్గరే చిక్కొస్తుంది, అది ఒక దేశం పేరు మీదే ఇస్తారు.

ఎవరో ఒకరు సుంకం కోడ్ మార్చి డెయిరీ స్ప్రెడ్ అని చూపించమంటారు. ఆ పని మాత్రం చేయకండి. హెచ్ఎస్ (సరుకులకు కోడ్‌లు ఇచ్చే అంతర్జాతీయ వర్గీకరణ) నియమం ప్రకారం పాలకొవ్వు 80 నుంచి 95 శాతం ఉంటేనే వెన్న, 39 నుంచి 80 లోపు అయితే స్ప్రెడ్. ల్యాబ్ రిపోర్టే మిమ్మల్ని పట్టిస్తుంది. యూరప్‌లో మామూలుగా మూడేళ్ల దాకా వెనక్కి వెళ్లి సుంకం వసూలు చేస్తారు, మోసం ఉంటే ఇంకా ఎక్కువ. తిరగేసి చూస్తే, వెన్నగా పంపిన మీ బ్యాచ్ 79.6 దగ్గర ఆగినా వెన్న కోటా చేజారుతుంది. ప్రతి బ్యాచ్ రిపోర్టూ దాచుకోండి.

ఇకముందు ధర చెప్పేలోపే కోటా కాగితం ఎవరి చేతిలో ఉంటుందో కనుక్కోండి. అమెరికాలో లైసెన్సు దిగుమతిదారుకే ఇస్తారు. అందులో కనీసం 85 శాతం వాడకపోతే, మిగిలింది గడువులోగా తిరిగి ఇవ్వకపోతే, తర్వాతి ఏడాది ఆ సరుకుకు లైసెన్సు దక్కదు. అందుకే ఏడాది చివర్లో అతనికి మీ అవసరమే ఎక్కువ, బేరం అప్పుడు ఆడండి. యూరప్‌లో కొన్ని పాల కోటాలకు ఎగుమతి దేశపు సంస్థ ఇచ్చే ఐఎంఏ 1 ధ్రువపత్రం కావాలి. అక్కడ మీ సొంత ప్రభుత్వ కార్యాలయం చుట్టూ తిరగాల్సింది మీరే.

డీడీపీ బదులు డీఏపీ రాయించుకోండి. దాని కింద ఈ వాక్యం చేర్చండి: "లోడింగుకు 10 రోజుల ముందు కొనుగోలుదారు లైసెన్సు నంబరు రాతపూర్వకంగా ఇవ్వాలి, ఇవ్వకపోతే సరుకు పంపే బాధ్యత అమ్మకందారుకు లేదు, కోటా సుంకం వర్తించకపోతే తేడా కొనుగోలుదారుదే."

పాత కంటైనర్ విషయంలో పూర్తి సుంకం కట్టక తప్పకపోతే, కట్టేముందు అతనికి మెయిల్ పెట్టండి: "మా హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాం." ఆ ఒక్క వాక్యం లేకుండా కట్టేస్తే, బాధ్యత మీరే ఒప్పుకున్నారని రేపు వాదిస్తాడు.