నేర్చుకునే పుస్తకం వేరు, నేర్పే పుస్తకం వేరు

ప్రశ్న: నేను భౌతికశాస్త్రంలో డిగ్రీ చేసి రెండేళ్లుగా పాఠశాలలో పనిచేస్తున్నాను. వచ్చే విద్యాసంవత్సరం నుంచి పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లలకు భూవిజ్ఞానం కూడా నన్నే చెప్పమన్నారు. ఈ సబ్జెక్టు నేనెప్పుడూ చదవలేదు. గ్రంథాలయం నుంచి తొమ్మిది పుస్తకాలు తెచ్చుకున్నాను కానీ దేనిలోనూ మొదటి అధ్యాయం దాటలేకపోయాను. పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడు 1958లో అచ్చయిన తన పాత పుస్తకం కూడా ఇచ్చారు. అది ఇప్పుడు పనికొస్తుందా? ముందుముందు ఇందులోనే పీజీ చేయాలన్న ఆలోచన ఉంది. ఏ పుస్తకాలు ఎంచుకోవాలి?

జవాబు: తొమ్మిదీ చదవాల్సిన పని లేదు. మీకు ప్రస్తుతం కావలసినవి రెండే. మీరు నేర్చుకోవడానికి ఒకటి, పిల్లలకు నేర్పడానికి ఒకటి. ఈ రెండు పనులూ ఒకే పుస్తకంతో జరిగిపోవాలని చూసినప్పుడే చిక్కు వస్తుంది. పిల్లల పుస్తకంతో సరిపెట్టుకుంటే, పాఠంలో లేని ప్రశ్న రాగానే నోరు పెగలదు. పెద్ద పుస్తకాన్ని ఉన్నదున్నట్టు తరగతిలోకి తీసుకెళితే పిల్లలకు పేర్లు తప్ప మరేమీ మిగలవు.

కెరీర్ సలహాల వైపు రాకముందు నేనూ కొన్నేళ్లు ఇదే సబ్జెక్టు చెప్పాను. మొదటి ఏడాది నా దగ్గరున్న పుస్తకంలో భూమిని సగానికి కోసి చూపిన బొమ్మ ఉండేది. పైన పల్చటి గోధుమరంగు పొర, అంటే భూపటలం, దాని కింద కుతకుత ఉడుకుతున్నట్టు నారింజరంగులో మందమైన ప్రావారం (మాంటిల్). నేను దాన్నే నల్లబల్ల మీద గీసి, మన కాళ్ల కింద కరిగిన రాతి సముద్రం ఉందని చెప్పాను. రెండు వారాల తర్వాత భూకంప తరంగాల పాఠం వచ్చింది. వాటిలో ఒక రకమైన ఎస్ తరంగాలు ద్రవంలో ప్రయాణించలేవని, ప్రావారంలో మాత్రం చక్కగా సాగిపోతాయని చెబుతున్నాను. వెనక బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి, "ప్రావారం ద్రవమన్నారు కదండీ, మరి అందులో ఎలా వెళతాయి?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి మరో పుస్తకం తెరిస్తే గానీ తెలియలేదు. ప్రావారం దాదాపు అంతా ఘనరూపంలోనే ఉంటుంది. లక్షల ఏళ్ల కాలంలో, మన కంటికి అందనంత నెమ్మదిగా, ఆ ఘనపదార్థమే ప్రవహిస్తుంది. నిజంగా ద్రవంగా ఉన్నది సుమారు 2,900 కిలోమీటర్ల లోతున మొదలయ్యే బయటి కేంద్రమండలం. ఎస్ తరంగాలు ఆగిపోయేది అక్కడే. మర్నాడు తరగతిలో తప్పు చెప్పానని ఒప్పుకుని, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. అప్పటి నుంచి ఏ భూవిజ్ఞాన పుస్తకం చేతికొచ్చినా ముందు ఆ బొమ్మ ఉన్న పేజీయే తెరుస్తాను.

మీ తొమ్మిది పుస్తకాల్లోనూ ఆ పేజీ తీసి పక్కపక్కన పెట్టండి. ప్రావారం ఘనమని స్పష్టంగా రాశారా? బొమ్మ కింద "కొలత ప్రకారం గీసినది కాదు" అన్న మాట ఉందా? ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఒక్కసారి లెక్క వేసి చూడండి. భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు. పుస్తకంలో భూమిని 10 సెంటీమీటర్ల వ్యాసార్థంతో గీస్తే, సముద్రాల అడుగున సుమారు ఏడు కిలోమీటర్ల మందం ఉండే భూపటలం మిల్లీమీటరులో పదో వంతు వస్తుంది. ఖండాల కింద ఉండే మందమైన భూపటలం కూడా అర మిల్లీమీటరుకు అటూ ఇటూగానే ఉంటుంది. అంటే మొత్తం ఒక పెన్సిలు గీత. అలా గీస్తే ఏమీ కనబడదు కాబట్టి మందం పెంచి గీస్తారు, అందులో తప్పు లేదు. పెంచామని చెప్పకపోవడమే తప్పు. ఆ ఒక్క వాక్యం రాయడానికి ఓపిక లేని పుస్తకం మిగతా చోట్ల జాగ్రత్తగా ఉంటుందని నేను అనుకోను.

అక్కడి నుంచి పలకల, అంటే భూమి పైభాగం విడిపోయి ఉన్న పెద్ద ముక్కల, అధ్యాయానికి వెళ్లండి. కదిలేది భూపటలం ఒక్కటే అని రాసి ఉంటే ఆ పుస్తకం పక్కన పెట్టవచ్చు. కదిలేది శిలావరణం, అంటే భూపటలంతో పాటు దాని కింద గట్టిగా అతుక్కుని ఉన్న ప్రావారపు పైభాగం కూడా. ఎందుకు కదులుతున్నాయన్న దగ్గర మరికొంచెం జాగ్రత్తగా చదవండి. ప్రావారంలోని సంవహన ప్రవాహాలు (వేడెక్కినది పైకి లేచి, చల్లబడినది కిందికి దిగే ప్రవాహాలు) పలకలను కదిలే పట్టా మీది పెట్టెల్లా మోసుకుపోతాయన్నది పాత వివరణ. చల్లబడి బరువెక్కిన సముద్రపు పలక అంచు ప్రావారంలోకి దిగిపోతూ మిగతా పలకను తన వెంట లాగుతుందని, కదలికకు ముఖ్యకారణం ఆ లాగుడేనని ఇప్పుడు ఎక్కువమంది శాస్త్రవేత్తలు భావిస్తున్నారు. బలాల గురించి చదువుకున్న మీకు ఈ తేడా వెంటనే పట్టుబడుతుంది.

వీటన్నిటికంటే నేను ఎక్కువ విలువ ఇచ్చే పరీక్ష ఇంకొకటి ఉంది. పుస్తకం ఒక విషయం చెప్పినప్పుడు, అది మనకెలా తెలిసిందో కూడా చెబుతోందా? భూమి వయసు సుమారు 454 కోట్ల సంవత్సరాలని ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. 1956లో శాస్త్రవేత్త క్లెయిర్ ప్యాటర్సన్ ఉల్కాశకలాల్లోని సీసం ఐసోటోపులను కొలిచి ఆ వయసుకు చేరుకున్నారని, భూమి మీది శిలలు కరిగి, అరిగి, రూపం మార్చుకుంటూ ఉంటాయి కాబట్టి ఉల్కల దాకా వెళ్లాల్సి వచ్చిందని చెప్పే పుస్తకాలు కొన్నే. లోపలి కేంద్రమండలం గురించీ అంతే. భూకంప తరంగాలు రాకూడని చోట బలహీనంగా నమోదవుతున్నాయని గమనించి, 1936లో భూకంప శాస్త్రవేత్త ఇంగె లేమన్ దాని ఉనికిని ప్రతిపాదించారు. అక్కడికి ఎవరూ వెళ్లి చూసి రాలేదు. ఈ దారి చూపించే పుస్తకం చదివితే పిల్లవాడు "ఎలా తెలుసు?" అని అడిగినప్పుడు మీరు తడబడరు. ఈ సబ్జెక్టులో పిల్లలు అడిగే ప్రశ్నల్లో సగం అదే ప్రశ్న.

మీరు నేర్చుకోవడానికి, డిగ్రీ మొదటి సంవత్సరం స్థాయిలో రాసిన భౌతిక భూగర్భశాస్త్ర పరిచయ గ్రంథం సరిపోతుంది. భౌతికశాస్త్రం చదివారు కాబట్టి సమీకరణాలు నిండిన భూభౌతికశాస్త్ర పుస్తకం వైపు మనసు లాగుతుంది. ఇప్పుడే వద్దు. తరంగ సమీకరణం మీకు కొత్త కాదు. మీకు కొత్త రాయి. చేతిలో ఉన్నది గ్రానైటో కాదో చెప్పలేని స్థితిలో ఆ సమీకరణాలు మిమ్మల్ని ఎటూ తీసుకెళ్లవు.

అందుకే పుస్తకంతో పాటు పది రెట్లు పెద్దదిగా చూపే చేతి భూతద్దం ఒకటి, గ్రానైటు ముక్క ఒకటి దగ్గర పెట్టుకోండి. అగ్నిశిలల అధ్యాయం చదవకముందే పది నిమిషాలు ఆ ముక్కను చూడండి. గాజు పెంకులా మెరుస్తూ, ఏ ఆకారమూ లేకుండా సందుల్లో ఇరుక్కుని ఉన్నది క్వార్ట్‌జ్. తెల్లగానో లేత గులాబీరంగులోనో ఉండి, వెలుతురులో అటూ ఇటూ తిప్పితే చదునైన ముఖం ఒక్కసారి తళుక్కుమనేది ఫెల్డ్‌స్పార్. నల్లగా ఉండి, సూదిమొనతో గీకితే పల్చటి రేకులుగా లేచివచ్చేది బయొటైట్ అభ్రకం. వీటిని చూశాక అధ్యాయం తెరిస్తే, శిలాద్రవం భూమి లోపల నిదానంగా చల్లబడింది కాబట్టి స్ఫటికాలు ఇంత పెద్దవిగా పెరిగాయన్న వాక్యం మీకు కంఠస్థం చేయాల్సిన వాక్యంలా అనిపించదు.

చదివే పద్ధతి గురించి ఒక్క మాట. అధ్యాయం పూర్తయ్యాక పుస్తకం మూసి, అందులోని ముఖ్యమైన బొమ్మను జ్ఞాపకం నుంచి గీయండి. బాణం ఎటు పెట్టాలో తోచని చోటే మీకు అర్థం కాని చోటు. అలాగే, మీరు చదివే భాష ఒకటి, తరగతిలో చెప్పే భాష ఒకటి అయితే మొదటి రోజు నుంచే రెండు వరుసల పదాల పుస్తకం రాసుకోండి. పాఠం మధ్యలో మాట కోసం వెతుక్కుంటే పిల్లల దృష్టి చెదిరిపోతుంది.

ఇక నేర్పే పుస్తకం. దీన్ని పాఠాలు చూసి కాదు, కృత్యాలు చూసి ఎంచుకోండి. వినిగర్‌లో వంటసోడా కలిపి నురగ పొంగించే అగ్నిపర్వతం చాలా పుస్తకాల్లో ఉంటుంది. పిల్లలకు ఆ రోజు సంబరంగానే గడుస్తుంది. కానీ అగ్నిపర్వతం ఆమ్లానికీ క్షారానికీ మధ్య జరిగే చర్య వల్ల పేలదు. శిలాద్రవంలో కరిగి ఉన్న నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వంటివి, పైకి వచ్చేకొద్దీ ఒత్తిడి తగ్గి బుడగలుగా విడివడతాయి. సోడా సీసాను కాస్త ఊపి మూత తీయమని చెప్పే పుస్తకం ఆ అసలు కారణాన్నే చూపిస్తుంది. సందడి రెండింటిలోనూ ఉంది. ఒకటి నిజం నేర్పుతుంది, మరొకటి ఏళ్ల తరబడి వదలని అపోహను మిగులుస్తుంది. మీ పుస్తకంలో ఈ రెండింటిలో ఏది ఉందో చూడండి.

లావా భూమి కేంద్రం నుంచి వస్తుందన్నది పిల్లల్లో పాతుకుపోయిన మరో అపోహ. నిజానికి శిలలు ఎక్కువగా కరిగేది ప్రావారపు పైభాగంలోనూ, భూపటలపు అడుగునా. వేడి శిల పైకి లేస్తూ ఉంటే ఒత్తిడి తగ్గి, ద్రవీభవన ఉష్ణోగ్రత పడిపోయి, అదనంగా వేడి తగలకుండానే కరగడం మొదలవుతుంది. ఇది భౌతికశాస్త్రమే కాబట్టి ఈ పాఠం చాలామందికంటే మీరే బాగా చెప్పగలరు. సూర్యుడికి దగ్గరైతే వేసవి, దూరమైతే చలికాలం అనుకోవడం కూడా ఇలాంటిదే. భూమి సూర్యుడికి అత్యంత దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో అని చెప్పి, ఉత్తరార్ధగోళంలో అప్పుడు ఏ కాలమో పిల్లలనే అడగండి. మంచి బోధనా గ్రంథం ఇలాంటి అపోహలను పాఠం మొదట్లోనే బయటికి తెచ్చి, తర్వాత వివరణలోకి వెళుతుంది.

కృత్యాల్లో నాకు బాగా ఇష్టమైనది అసలు సమాచారంతో చేసేది. అమెరికా భూగర్భ సర్వే సంస్థ యూఎస్‌జీఎస్, ప్రపంచంలో నమోదైన భూకంపాల జాబితాను ఎప్పటికప్పుడు ఉచితంగా అందరికీ అందుబాటులో ఉంచుతుంది. గత 30 రోజుల్లో 4.5 కంటే ఎక్కువ తీవ్రతతో వచ్చినవి తీసుకుని, అక్షాంశ రేఖాంశాలు పంచి, ఖాళీ ప్రపంచపటం మీద చుక్కలు పెట్టమనండి. ముప్పై మంది పెట్టిన చుక్కలు ఒకచోట చేరేసరికి పసిఫిక్ చుట్టూ ఒక వలయం కనబడటం మొదలవుతుంది. అప్పటికి మీరు పలక అన్న మాటే ఎత్తి ఉండకూడదు. అందుకే మీ సొంత చదువులో పలకల అధ్యాయం ముందు చదివినా, తరగతిలో మాత్రం రాయి, ఇసుక, మట్టి, భూకంపాల చుక్కల తర్వాతే దాన్ని తీయమంటాను.

కొత్త ముద్రణే కావాలా అన్నది విషయాన్ని బట్టి ఉంటుంది. ఖనిజాల కాఠిన్యాన్ని పోల్చే మోస్ మానం 1812 నాటిది, ఇప్పటికీ వాడుతున్నాం. శిలల్లోని మడతలు, భ్రంశాల (శిల పగిలి జారిన చోట్ల) ప్రాథమిక జ్యామితి కూడా అంతగా మారలేదు. భూమి చరిత్రను యుగాలుగా విడదీసే కాలమానం మాత్రం మారుతూనే ఉంది. ఇప్పుడు మనం ఉన్న క్వాటర్నరీ యుగం ఆరంభాన్ని 2009లో సుమారు 18 లక్షల ఏళ్ల నుంచి 25.8 లక్షల ఏళ్లకు వెనక్కి జరిపారు. దానికి ముందు కాలానికి వాడిన టెర్షియరీ అన్న పేరు ఇప్పుడు అధికారిక పట్టికలో లేదు. 2018లో క్వాటర్నరీలో చివరి భాగమైన హోలోసీన్‌ను మూడు భాగాలు చేసి, 4,200 ఏళ్ల కింద మొదలైన చివరి భాగానికి మేఘాలయన్ అని పేరు పెట్టారు. అంతర్జాతీయ స్తరశాస్త్ర కమిషన్ ఈ పట్టికను సవరించినప్పుడల్లా ఉచితంగా విడుదల చేస్తుంది. దాన్ని అచ్చు తీసి గోడకు అంటించండి, పుస్తకంలోని పట్టికను నమ్ముకోవద్దు. భూకంపాల దగ్గర కూడా ఒక్కటి చూడండి. రిక్టర్ మానం 1935 నాటిది. పెద్ద భూకంపాలను ఇప్పుడు 1979లో వచ్చిన మొమెంట్ మాగ్నిట్యూడ్ మానంతో కొలుస్తున్నారు. రిక్టర్‌తోనే ఆగిపోయిన పుస్తకాన్ని సవరించి చాలా కాలమైందని అర్థం.

పీజీ గురించి. మీ నేపథ్యానికి భూభౌతికశాస్త్రం, అందులోనూ భూకంపశాస్త్రం సహజమైన దారి. ప్రవేశ అర్హతలు సంస్థను బట్టి మారతాయి కాబట్టి, మీరు అనుకుంటున్న చోట భౌతికశాస్త్రం డిగ్రీని అంగీకరిస్తారో లేదో ఇప్పుడే కనుక్కోండి. అక్కడ మీకు లోటుగా కనిపించేది గణితం కాదు, ఖనిజాలను గుర్తుపట్టడం, భూగర్భ పటాలను చదవడం. ఈ ఏడాది పరిచయ గ్రంథం పూర్తయ్యాక పటాల అభ్యాసాలున్న ప్రయోగశాల పుస్తకం ఒకటి తీసుకుని, వారానికి ఒక పటం చొప్పున చేయండి. పటం మీది గీతను చూసి కింద పొర ఎటు వంగి ఉందో మనసులో ఊహించుకోవడం చదివితే రాదు, చేతితో గీస్తేనే వస్తుంది.

చివరగా ఆ 1958 పుస్తకం. తప్పకుండా ఉంచుకోండి. ఆ కాలపు పుస్తకాల్లో ఖనిజాల మీద, స్ఫటికాల మీద చేతితో గీసిన బొమ్మలు ఎంతో శ్రద్ధగా ఉంటాయి. పర్వతాలు ఎలా ఏర్పడ్డాయన్న అధ్యాయం మాత్రం ఇప్పటి అవగాహనకు దూరంగా ఉంటుంది. ఖండాలు కదులుతున్నాయని ఆల్‌ఫ్రెడ్ వెగెనర్ 1912లోనే చెప్పినా, సముద్రగర్భం విస్తరిస్తోందన్న హ్యారీ హెస్ వ్యాసం 1962లో గానీ, సముద్రగర్భపు శిలల్లో కనిపించే అయస్కాంత చారల మీద వైన్, మాథ్యూస్ వ్యాసం 1963లో గానీ రాలేదు. మీ పుస్తకం వాటికి నాలుగైదేళ్లు ముందుది. ఆ అధ్యాయం మొదట్లో ఒక చీటీ అంటించి ఈ మూడు సంవత్సరాలు రాసిపెట్టండి. పలకల పాఠం అయిపోయిన రోజు ఆ పాత పేజీని పిల్లల చేతికిచ్చి చదివించండి. ఏ ఆధారం అప్పటికి దొరకలేదో వాళ్లనే చెప్పమనండి.