పిల్లల బడిలో వాలంటీర్ పని తప్పనిసరా?

హైదరాబాద్‌లో పిల్లల్ని స్కూల్ బస్సెక్కించి, పేరెంట్స్ మీటింగ్ రోజున తప్ప గేటు దాటని తల్లిదండ్రులకు అమెరికా బడి నుంచి వచ్చే తొలి ఈమెయిళ్లు కంగారు పుట్టిస్తాయి. లైబ్రరీకి ఇద్దరు కావాలి, ఫీల్డ్ ట్రిప్‌కు నలుగురు కావాలి, పేర్లు ఇవ్వండి అని ఉంటుంది. ఇవ్వకపోతే మా పిల్లాణ్ని వేరుగా చూస్తారా అని కూకట్‌పల్లి, మణికొండల నుంచి వచ్చినవాళ్లు అడుగుతుంటారు.

ఆ భయం వద్దు. మామూలు ప్రభుత్వ బడిలో సీటుకూ దీనికీ సంబంధం లేదు. కొన్ని చార్టర్ బడులు, అంటే ప్రభుత్వ డబ్బుతో విడిగా నడిచేవి, తల్లిదండ్రులు ఇన్ని గంటలు వాలంటీర్ పని చేయాలని లెక్క పెట్టేవి. కాలిఫోర్నియాలో ఇప్పుడది కుదరదు: పిల్లలు చేరడానికి గానీ కొనసాగడానికి గానీ వాలంటీర్ పని షరతు కాదని బడే తల్లిదండ్రులకు చెప్పాలని చట్టం ఉంది. ప్రైవేటు బడుల సంగతి వేరు. ఏడాదికి ఇన్ని గంటలని అగ్రిమెంట్‌లో రాసి, తక్కువైతే డబ్బు కట్టించుకునేవి ఉన్నాయి. సంతకం పెట్టేముందు ఆ పేజీ చదవండి.

తప్పనిసరి చేయడం అన్యాయమనే అంటాం. రాత్రి షిఫ్టు చేసేవాళ్లు, డ్రైవింగ్ లైసెన్స్ ఇంకా రాని తల్లులు, ఇంట్లో చంటిపిల్లలున్నవాళ్లు ముందు దెబ్బతింటారు. చిన్నపిల్లల్ని వెంట తెస్తామంటే చాలా బడులు ఒప్పుకోవు. కానీ వీలున్నవాళ్లు నెలకో గంటైనా వెళ్లండి. మీ పిల్ల ఎవరి పక్కన కూర్చుంటోంది, టీచర్ అడిగింది అర్థమై కూడా నోరు విప్పడం లేదా అన్నది పదిహేను నిమిషాల మీటింగ్‌లో తెలియదు.

చాలామంది ఆగిపోయేది అనుమతి దగ్గర: వాలంటీర్‌గా పిల్లల మధ్యకు రానిచ్చేముందు బడి మీ వివరాలు తనిఖీ చేస్తుంది. అక్టోబర్‌లో ఫీల్డ్ ట్రిప్ అనగానే దరఖాస్తు పెడితే ట్రిప్ అయిపోయాక అనుమతి వస్తుంది. బడి తెరిచే ఆగస్టులోనే పెట్టేయండి. చాలా స్కూల్ డిస్ట్రిక్టుల్లో (ఒక ప్రాంతపు ప్రభుత్వ బడుల్ని నడిపే సంస్థల్లో) ఏటా మళ్లీ పెట్టాలి. పేరు మీ గుర్తింపు కార్డులో ఉన్నట్టే రాయండి. మనవాళ్ల ఇంటిపేరు ఒకచోట ముందు, మరోచోట వెనక పడి, రెండూ కలవక దరఖాస్తు పెండింగ్‌లో ఉండిపోతుంది. సోషల్ సెక్యూరిటీ నంబర్ లేకపోతే ఆ గడిలో ఏదో ఒక అంకె వేయకండి. పాస్‌పోర్ట్‌తో కుదురుతుందేమో బడి ఆఫీసులో అడగండి. పెన్సిల్వేనియాలో గత పదేళ్లూ ఆ రాష్ట్రంలో ఉండనివాళ్లు ఎఫ్‌బీఐ వేలిముద్రలు ఇవ్వాలి, కాబట్టి కొత్తవాళ్లెవరికీ తప్పదు.

కాలిఫోర్నియాలో పిల్లల మధ్య తరచూ ఉండే వాలంటీర్లకు టీబీ ప్రశ్నావళి ఉంటుంది. ఇండియా నుంచి వచ్చామనగానే టీబీ పరీక్ష చేయించుకోమంటారు. ఇక్కడే ఇబ్బంది: చిన్నప్పుడు వేసిన బీసీజీ టీకా వల్ల చర్మ పరీక్ష జబ్బు లేకపోయినా పాజిటివ్ చూపించవచ్చు, తర్వాత ఛాతీ ఎక్స్‌రే అంటారు. మొదటే రక్త పరీక్ష, అంటే క్వాంటిఫెరాన్ లాంటిది, చేయమని అడగండి. దానిమీద బీసీజీ ప్రభావం ఉండదు, చర్మ పరీక్షలోలా రెండు మూడు రోజుల తర్వాత చెయ్యి చూపించడానికి మళ్లీ వెళ్లే పనీ ఉండదు.

హెచ్4 (హెచ్1బీ లాంటి ఉద్యోగ వీసా ఉన్నవాళ్ల భార్య లేదా భర్తకు ఇచ్చే వీసా) మీద ఉన్నవాళ్లు జీతం లేకుండా పుస్తకాలు సర్దడం, బుక్ ఫెయిర్‌లో నిలబడడం చేయవచ్చు. పని అనుమతి లేకుండా స్టైపెండ్, పనికి బదులుగా ఇచ్చే గిఫ్ట్ కార్డు తీసుకోకూడదు. జీతానికి మనిషిని పెట్టే టీచర్ ఎయిడ్ (టీచర్‌కు సహాయకులు) లాంటి పని ఉచితంగా చేస్తామన్నా చిక్కే.

ఉద్యోగం ఉన్నవాళ్లకు కొన్ని రాష్ట్రాల్లో చట్టం దన్నుంది. కాలిఫోర్నియాలో ఒకేచోట 25 మందికి తగ్గకుండా పనిచేసే సంస్థ అయితే బడి పనులకు ఏడాదికి 40 గంటలు, నెలకు 8 గంటలు మించకుండా సెలవు అడగవచ్చు. మామూలుగా అది మీ సెలవుల్లోంచే పోతుంది, ముందే చెప్పాలి.

మొదటిసారికి లైబ్రరీ మంచిది. పుస్తకం వెన్నుమీది లేబుల్ చూసి దాని వరుసలో అరలో పెట్టడమే పని, ఇంగ్లిష్ యాస గురించి బెంగ అక్కర్లేదు. దీపావళికి క్లాసులో లడ్డూలు పంచాలనుకుంటే ముందు టీచర్‌ను అడగండి. వేరుశనగ, జీడిపప్పు, బాదం లాంటివి పడని అలర్జీ ఉన్న పిల్లలుంటారు, చాలాచోట్ల ఇంట్లో చేసినవి తీసుకోరు, పదార్థాల జాబితా ఉన్న ప్యాకెట్టే కావాలంటారు. క్లాసులో తీసిన ఫొటోలు, వేరే పిల్లలు కనిపిస్తుంటే, వాట్సాప్ గ్రూపులో పెట్టకండి.