ఉలవలు పెంచాక లద్ది పలచబడితే

అన్నగారూ, ఉలవలు ఒక్కసారిగా పెంచాక కొత్తపట్నంలోని మీ ఆడగుర్రం లద్ది పలచబడిందని, ప్రోబయాటిక్ (మేలుచేసే సూక్ష్మజీవులు ఉండే) పొడి సరిపోతుందా అని అడిగారు. పొడి ఒక్కటే సరిపోదండీ. గుర్రంలో పీచును పులియబెట్టి శక్తినిచ్చే సూక్ష్మజీవులు పెద్దపేగులో ఉంటాయి; గింజ ఎక్కువైతే చిన్నపేగులో అరగని పిండిపదార్థం అక్కడికి చేరి, ఆమ్లం పెరిగి, ఆ మేలుచేసే జీవులే నశిస్తాయి. అందుచేత ముందు ఉలవలను పాత కొలతకు దించి, లద్ది గట్టిపడ్డాక 10 రోజుల మీద కొద్దికొద్దిగా పెంచండి. 300 కిలోల గుర్రానికి రోజుకు కనీసం 4.5 కిలోల ఎండుమేత పడాలి.

దానికి తోడుగా శాకరోమైసిస్ సెరివిసే అనే సజీవ ఈస్టు ఇవ్వవచ్చు, అది పీచు అరుగుదలకు సాయపడుతుంది. అయితే మన రోహిణీ ఎండల్లో రేకుల పాకలో పెట్టిన డబ్బాలో ఆ కణాలు బతకడం కష్టం కనుక చల్లని చోట దాచండి.

మీది సముద్రపు ఒడ్డు ఊరు, మేతతో పాటు కడుపులోకి పోయే ఇసుకనూ అనుమానించాలి. నేలకు తగలని లద్ది ఉండలు ఆరు తీసుకుని బకెట్టు నీళ్లలో చిదిపి, పావుగంట ఆగి మెల్లగా వంపేయండి. అడుగున వేళ్లకు గరగరమని తగిలితే ఇకపై మేత నేలమీద కాక తొట్టిలోనే వేయాలి.

కాలితో నేల గీరుతూ, డొక్కవైపు తిరిగి చూస్తూ పొర్లుతుంటే మాత్రం ఒక్క గంట కూడా ఆగకుండా పశువైద్యుణ్ణి పిలిపించండి.